పన్ను వ్యాజ్యములలో కుటుంబ ధనము: సాక్షి మాటను తూచు విధానము

ఉపోద్ఘాతము

తెలుగువారి యిండ్లలోని ధనమునకు రెండు రకముల ఆధారములు కలవు. కొంత ధనమునకు కాగితము ఆధారము. కొంత ధనమునకు పెద్దల జ్ఞాపకమే ఆధారము. భూమికి పట్టాయు, బ్యాంకి నిలువకు పుస్తకమును ఉండును. కాని నాయనమ్మ మెడలోని కంటె కోడలికిని, కోడలినుండి మనుమరాలికిని సంక్రమించిన త్రోవకు దస్తావేజు సాధారణముగా నుండదు. పెండ్లిలో పుట్టింటివారు పెట్టిన నగలకు, తండ్రి కూతురి చేతిలో నుంచిన రొక్కమునకు, అన్నదమ్ములు పంచుకొన్న వెండి పాత్రలకు ఆ దినమున అచ్చట నున్నవారే సాక్షులు. ఆదాయపు పన్ను అధికారి యొకనాడు వచ్చి ఇది యెక్కడిదని ప్రశ్నించినపుడు గృహస్థునకు చూపుటకు మిగులునది ఆ సాక్షుల మాటయే.

ఆ మాటను నమ్మదగునో నమ్మదగదో నిర్ణయించుటకు మన న్యాయస్థానములు ఏర్పరచిన పద్ధతి యేమి? ఈ వ్యాసమునకు ఇదియే విషయము. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ ప్రశ్న యొక విశేషమైన చిక్కుతో వచ్చును. సాక్షి యొక భాషలో మాటాడును. వాంగ్మూలము వేరొక భాషలో వ్రాయబడును. పాత కాగితము ఇంకొక రాష్ట్రపు కచేరీలో నుండును. నిజము చెప్పినవాని మాట సైతము ఈ మూడింటి నడుమ అబద్ధముగా కనబడవచ్చును. కనుక సాక్షి విశ్వసనీయతను ఆ కుటుంబపు ఆచారము, స్తోమత, భాష అను వాని వెలుగులోనే చూడవలయుననియు, ఆ వెలుగును చూపు బాధ్యత చాలవరకు కుటుంబముపైననే యున్నదనియు నిరూపించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

చట్టము మోపిన భారము

1961 నాటి ఆదాయపు పన్ను చట్టములో 68వ విభాగము లెక్క పుస్తకములలో జమపడిన సొమ్మును గూర్చియు, 69వ విభాగము పెట్టుబడులను గూర్చియు, 69-ఏ విభాగము రొక్కము, బంగారము, నగలు మొదలగువానిని గూర్చియు చెప్పుచున్నవి. మూడింటి సారము ఒక్కటే. ధనము ఎచ్చటనుండి వచ్చినదో దాని యజమాని చెప్పవలెను. అతడు చెప్పకపోయినను, చెప్పిన సమాధానము తృప్తికరముగా లేకపోయినను, ఆ ధనమును ఆ సంవత్సరపు ఆదాయముగా భావింపవచ్చును. 2016 డిసెంబరులో చేయబడిన సవరణవలన, 2017-18 నిర్ణయ సంవత్సరము మొదలుకొని ఆ చట్టము క్రింద ఇట్టి ఆదాయముపై పన్ను నూటికి 60 వంతులాయెను. సర్‌చార్జియు సెస్సును కలిపిన అది నూటికి సుమారు 78 వరకు పెరిగినది. 2025లో నూతన ఆదాయపు పన్ను చట్టము చేయబడి, 2026 ఏప్రిలు 1వ తేదీ దాని అమలునకు నిర్ణయింపబడినది. పాత సంవత్సరముల వ్యాజ్యములు పాత చట్టము ననుసరించియే నడచును.

దీనినిబట్టి సాక్షి మాటకు గల విలువ యెంతటిదో గ్రహింపవచ్చును. ఆ మాట నమ్మబడనిచో పుట్టింటినుండి వచ్చిన నగ విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా పన్నుక్రింద పోవచ్చును. అంతేగాక, ఇంటి పెద్ద అబద్ధమాడినదను మాట ఉత్తర్వులో శాశ్వతముగా నిలిచిపోవును. పైకోర్టులో సరిచేసికొందమన్న ధైర్యమునకును తావు తక్కువ. 1941లో స్థాపింపబడిన ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునలు వాస్తవ విషయములలో తుది నిర్ణేత. హైకోర్టు ముఖ్యమైన న్యాయసంబంధ ప్రశ్నలనే విచారించును గాని, ఫలానా ముదుసలి నిజము చెప్పెనా లేదా యను ప్రశ్నను మరల మొదటినుండి విచారింపదు.

ఇంత అధికారము పన్ను అధికారికి ఉన్నను అది కేవలము అనుమానముపై నడుచునది కాదు. 1954లో ఢాకేశ్వరీ కాటన్ మిల్లుల వ్యాజ్యమున సుప్రీము కోర్టు ఒక హద్దు గీచినది. పన్ను అధికారి సాక్ష్య చట్టపు సాంకేతిక నియమములకు బద్ధుడు కాడు. అయినను ఏ ఆధారమును లేని ఊహపై నిర్ణయము చేయరాదు. అనుమానమునకు మించినది ఏదియో ఉండవలెను. 1872 నాటి సాక్ష్య చట్టము స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. విభాగముల సంఖ్యలు మారినవి గాని మూలసూత్రములు చాలవరకు నిలిచియున్నవి. తనకు మాత్రమే ప్రత్యేకముగా తెలిసిన విషయమును తానే రుజువు చేయవలెననుట, వస్తువు ఎవని స్వాధీనమునందుండునో వాడే యజమానియని మొదట భావించుట, ముప్పది యేండ్లు దాటిన దస్తావేజు తగిన చోటునుండి వచ్చినచో దానిని నిజమైనదిగా భావింపవచ్చుననుట, ఇవి పన్ను విచారణలందును తరచుగా వాడబడు సూత్రములే.

సాక్షిని తూచు రాళ్లు

సాక్షుల సంఖ్యకు చట్టములో నియమము లేదు. 1957లో మద్రాసు రాష్ట్రమునుండి వెళ్లిన వడివేలు తేవరు వ్యాజ్యమున సుప్రీము కోర్టు సాక్షులను మూడు తరగతులుగా విభజించినది. పూర్తిగా నమ్మదగినవాడు మొదటి తరగతి. పూర్తిగా నమ్మదగనివాడు రెండవ తరగతి. ఈ రెండింటికి నడుమనున్నవాడు మూడవ తరగతి. మొదటివాని మాట ఒక్కటే చాలును. రెండవవానివంటివారు పదిమంది వచ్చినను ప్రయోజనము లేదు. మూడవవాని మాటకు వేరొక బలము తోడు కావలెను. అది హత్యానేరమును గూర్చిన తీర్పే యైనను, విభజన సర్వత్ర ఉపయోగించునది. కుటుంబ ధనమును గూర్చి చెప్పు సాక్షులలో హెచ్చుమంది మూడవ తరగతివారే. వారు అబద్ధీకులు కారు. కాని యేబది యేండ్లనాటి సంగతి చెప్పుచున్నారు, అదియును తమవారి కొరకు చెప్పుచున్నారు.

బంధువు గనుక సాక్షి మాట చెల్లదనుట సరికాదు. పెండ్లిపందిరిలో ఎవరెవరు ఏమి పెట్టినారో బంధువునకు గాక మరెవ్వరికి తెలియును? బంధుత్వము సాక్ష్యమును జాగ్రత్తగా పరిశీలించుటకు కారణమగును గాని త్రోసివేయుటకు కారణము కాజాలదు. 1956లో మెహతా పరీఖు కంపెనీ వ్యాజ్యమున ఇట్టి సూత్రమే స్థిరపడినది. 1946 జనవరిలో పెద్దనోట్లు రద్దయినపుడు ఆ వ్యాపారసంస్థ వేయి రూపాయల నోట్లు 61 బ్యాంకిలో మార్చుకొన్నది. నోట్లు తామిచ్చినవేయని కొందరు ప్రమాణపత్రములు దాఖలు చేసిరి. వారిని పిలిచి ఎదురు ప్రశ్నలు వేసినవారు లేరు. అయినను ట్రిబ్యునలు 31 నోట్లకు సమాధానమును అంగీకరించి, 30 నోట్లను ఆదాయముగా లెక్కించినది. ప్రశ్నింపని ప్రమాణపత్రమును ఊహతో త్రోసిపుచ్చరాదని సుప్రీము కోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. ఈ న్యాయము రెండువైపులను వర్తించును. గృహస్థునకు విరోధముగా ఎవడైన చెప్పిన మాటను అధికారి వాడదలచినచో, ఆ సాక్షిని ప్రశ్నించు అవకాశము గృహస్థునకు ఈయవలెను. 1980లో కిషన్‌చంద్ చెల్లారాం వ్యాజ్యము ఈ సంగతిని స్పష్టపరచినది.

ఇది సాక్షికి అనుకూలమైన ప్రక్క. రెండవ ప్రక్క 1971 నాటి దుర్గాప్రసాద్ మోరే వ్యాజ్యమున కలదు. కలకత్తాలోని యొక భవనముపై వచ్చు ఆదాయము తనది కాదనియు, అది భార్య యేర్పరచిన ట్రస్టునకు చెందునదనియు, దస్తావేజులో అట్లే వ్రాసియున్నదనియు యజమాని వాదించెను. కన్నడదేశమునుండి సుప్రీము కోర్టునకు వెళ్లిన న్యాయమూర్తి కె. ఎస్. హెగ్డేగారు వ్రాసిన తీర్పు ఈ విషయమున నేటికిని మార్గదర్శకము. పైకి కనబడునది నిజమేయని మొదట భావింపవలెను. కాదనుటకు కారణము చూపవలసినవాడు కాదనువాడే. అయినను దస్తావేజులో తనకు తానుగా వ్రాయించుకొన్న మాటను చూచి అధికారి కన్నులు మూసికొననక్కరలేదు. సాక్ష్యపు నిజానిజములను కొలుచు యంత్రమేదియు లేదు గనుక మానవ సహజమైన సంభావ్యతయే గీటురాయి.

1995లో సుమతీ దయాళ్ వ్యాజ్యమున ఈ గీటురాయినే మరల వాడిరి. బెంగుళూరు, మద్రాసు, హైదరాబాదు గుఱ్ఱపు పందెములలో జాక్‌పాట్లు గెలిచి లక్షలు సంపాదించితినని యొక స్త్రీ చెప్పెను. గెలుపు పత్రములు చేతనున్నవి. కాని అన్నిసార్లు అట్లు గెలుచుట సామాన్య మానవానుభవమునకు సరిపడునదిగా కోర్టునకు తోపలేదు. కాగితమున్నను మాట నిలువలేదు. కాగితము లేనిచోట మాట నిలుచుటయు ఈ సూత్రమువలననే సాధ్యమగును. సంభావ్యత యనునది రెండంచుల కత్తి.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. సాక్షి మాటను నమ్మకపోవుట వేరు. దానికి విరుద్ధమైనది రుజువగుట వేరు. 1999లో తీర్పుల సంపుటమున ప్రకటింపబడిన నూర్జహాన్ వ్యాజ్యమే ఇందుకు దృష్టాంతము. కేరళదేశమున ఇరువదియేండ్ల ముస్లిము స్త్రీ యొకతె భూమి కొన్నది. తల్లి మొదటి భర్త విడిచిపోయిన ఆస్తులపై వచ్చిన ఆదాయమునుండి మిగిలిన సొమ్ముతో కొంటినని చెప్పెను. అధికారులు నమ్మలేదు, ట్రిబ్యునలును నమ్మలేదు. అయినను ఆ వయస్సులో, ఆ పరిస్థితులలో ఆమె అంత సొమ్ము స్వయముగా ఆర్జించుట అసంభవము గనుక దానిని ఆమె ఆదాయముగా భావింపరాదని ట్రిబ్యునలు తీర్పు చెప్పినది. 69వ విభాగము భావింపవచ్చునని చెప్పినదే గాని భావించి తీరవలెనని చెప్పలేదని సుప్రీము కోర్టు దానిని స్థిరపరచినది. కుటుంబ ధన విషయమున స్త్రీలకు ఈ తీర్పు గొప్ప రక్షణ.

కుటుంబ ధనమునకు గల ప్రత్యేకత

ఉమ్మడి కుటుంబపు ఆస్తిని గూర్చిన మౌలిక సూత్రము తెలుగు కుటుంబపు వ్యాజ్యమునుండియే స్థిరపడినది. అప్పలస్వామి, సూర్యనారాయణమూర్తుల నడుమ నడచిన వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు 1947లో తీర్పు చెప్పినది. కుటుంబము ఉమ్మడిదైనంత మాత్రమున అందలి సభ్యుని ఆస్తి ఉమ్మడిది కాదు. కాని ఆ ఆస్తిని సంపాదించుటకు చాలిన మూలధనము కుటుంబమునకు ఉండెనని రుజువైనచో, అది స్వార్జితమని చెప్పువానిపై భారము పడును. 1954లో సుప్రీము కోర్టును ఈ మార్గముననే నడచి, మూలధనము ఉన్నంత మాత్రమున చాలదు, దాని రాబడి ఎంతయను ప్రశ్నయును వేయవలెనని తెలిపినది.

పన్ను విచారణలో సాక్షికిని ఇదియే పరీక్ష. మా తండ్రి యిచ్చినాడని కూతురు చెప్పినపుడు మొదటి ప్రశ్న ఆమె ముఖమును గూర్చినది కాదు. ఆ తండ్రి స్తోమతను గూర్చినది. ఆయనకు మాగాణి యెంత, పంటలెన్ని, ఆడపిల్లలెందరు, ఇతర కూతుండ్రకు ఏమిచ్చెను? ఇచ్చినవాని శక్తి రుజువైనచో ఇచ్చినాడను మాటకు సగము బలము వచ్చును.

నగల విషయమున ప్రభుత్వమే ఆచారమును గుర్తించినది. 1994 మే 11వ తేదీన కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1916 సంఖ్యగల ఉత్తర్వును పంపినది. సోదాలో దొరకిన నగలలో వివాహిత స్త్రీకి 500 గ్రాములు, అవివాహితకు 250 గ్రాములు, పురుషునకు 100 గ్రాములవరకు స్వాధీనము చేసికొనరాదని అందలి సారాంశము. అంతకు మించినను కుటుంబపు హోదాను, ఆ సంఘపు ఆచార వ్యవహారములను గమనించి అధికారి విడిచిపెట్టవచ్చును. ఈ రెండవ వాక్యమే మనకు ముఖ్యము. పెట్టుపోతల ఆచారము సాక్ష్యముగా ప్రవేశించు ద్వారము ఇదియే. ఉత్తర్వు స్వాధీనమును గూర్చినదైనను, పన్ను నిర్ణయమందును దానిని లెక్కింపవలెనని గుజరాతు హైకోర్టు 2010లో తీర్పు చెప్పినది. పాతికేండ్లు కాపురము చేసిన స్త్రీకి 906 గ్రాముల పైచిలుకు నగలుండుట వింత కాదని ఢిల్లీ హైకోర్టు 2011లో అంగీకరించినది. 2016 నోట్ల రద్దు తరువాత ఒక గృహిణి బ్యాంకిలో వేసిన 2,11,500 రూపాయలు ఇంటి ఖర్చులో మిగిల్చినవేయని ఆగ్రా ట్రిబ్యునలు 2021లో నమ్మినది. ఈ తీర్పులలో గెలిచినది సాక్షి మాట మాత్రమే కాదు. ఆ మాటకు వెనుకనున్న జీవనవిధానము.

భాషవలన కలుగు చిక్కులు

ఇక ప్రవాసాంధ్రుల సంగతి. ఒక కల్పిత దృష్టాంతమును గ్రహింతము. బళ్లారిలో స్థిరపడిన కుటుంబము. ఇంట వృద్ధురాలు, ఆమె కుమారుడు, కోడలు, పెండ్లికాని మనుమరాలు గలరు. సోదాలో 1,583 గ్రాముల నగలు దొరకినవి. పై ఉత్తర్వు ప్రకారము 500, 100, 500, 250 కలిపి 1,350 గ్రాములకు వివాదము లేదు. మిగిలిన 233 గ్రాములను గూర్చియే విచారణ. "మా అవ్వ నాకు పెట్టిన ఇరవై తొమ్మిది కాసులు" అని వృద్ధురాలు చెప్పినది. ఆమె తమ్ముడు అనంతపురమునుండి వచ్చి, "మా అవ్వ అక్కకు ఇరవై తులాల బంగారం పెట్టింది" అని చెప్పెను. ఒకరు ఇరువది తొమ్మిది యనిరి; ఒకరు ఇరువది యనిరి. వృద్ధురాలి మాటలో అవ్వ నాయనమ్మయని వ్రాయబడినది. తమ్ముని మాటలో తల్లియని వ్రాయబడినది. ఇద్దరును పరస్పర విరుద్ధముగా చెప్పినందున నమ్మదగరని ఉత్తర్వు వచ్చుటకు ఇంతకంటె ఏమి కావలెను?

నిజమునకు ఇందు విరోధమే లేదు. కాసనగా సవరను తూకము, ఇంచుమించు 8 గ్రాములు. ఇరువది తొమ్మిది కాసులు 232 గ్రాములు. పాత తులము 11.66 గ్రాములు. ఇరువది తులములు 233 గ్రాములు. ఇద్దరును ఒకే బంగారమును చెప్పిరి. నేడు అనేక ప్రాంతముల అంగళ్లలో తులమనగా 10 గ్రాములే గనుక, ఆ లెక్కన గుణించినవారికి 200 గ్రాములే వచ్చి క్రొత్త విరోధము పుట్టును. వెండి విషయమున వీశెలును అట్టివే. 120 తులములు ఒక వీశె. ఇక అవ్వ యనుమాట రాయలసీమలోను, బళ్లారి తెలుగులోను నాయనమ్మ లేక అమ్మమ్మ. ఉత్తర కర్ణాటకపు కన్నడములో తల్లి. వ్రాసినవాడు తన భాషలోని అర్థమును వ్రాసెను.

ఇట్టి మాటలు అనేకములు కలవు. ఉత్తరాంధ్రమునను గంజాము తెలుగువారియందును అప్ప యనగా అక్క. కన్నడ తమిళములలో అప్ప యనగా తండ్రి. అత్త యనుమాట మేనత్తకును, భర్త తల్లికిని, మేనమామ భార్యకును చెల్లును; మేనరికపు సంబంధములలో ఒక్క స్త్రీయే ఈ మూడింటిలో రెండు కావచ్చును. నగ పెట్టినారనుటలోని పెట్టుట శాశ్వతముగా ఇచ్చుట. దానిని ఉంచినారని యనువదించినచో ఇచ్చినవారిదే యాజమాన్యమను అర్థము వచ్చును. చేబదులు వడ్డీ లేక, పత్రము లేక, కొద్ది దినములకు ఇచ్చునది. దానిని అప్పు అని వ్రాసికొని, నోటు ఎక్కడ, వడ్డీ యెంత యని ప్రశ్నించినపుడు, అది అప్పు కాదని సాక్షి చెప్పును. మాట మార్చినాడన్న అపవాదు వచ్చును.

కాలగణనయు ఇట్లే. పాతకాలపువారు ప్రభవలో పెండ్లియైనదని చెప్పుదురు. ప్రభవ 1927-28 కావచ్చును, 1987-88 కావచ్చును; సాక్షి వయస్సుతో సరిచూడవలెను. ప్రభవ ఫాల్గుణమన్నచో ఆంగ్ల సంవత్సరము మారియుండును. 1987 అని వ్రాసిన తప్పగును. సాక్షి వాలకమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. భర్త పేరు నోట పలుకని వృద్ధస్త్రీలు మనలో నేటికిని కలరు. పేరు అడిగినపుడు ఆమె తటపటాయించి ప్రక్కనున్న కొడుకువైపు చూచును. ఆచారమెరుగని అధికారికి అది దాచుటగా తోచును. అప్పీలును వినువారు ఆమెను చూడనే చూడరు, కాగితమునే చూతురు. గంజాము కుటుంబపు అప్పీలు కటకములోను, షోలాపురపు కుటుంబపు అప్పీలు పుణెలోను, బళ్లారి కుటుంబపు అప్పీలు బెంగుళూరులోను వినబడును. మొదట తప్పుగా వ్రాయబడిన మాట అంత దూరము పోయిన తరువాత దానిని సరిచేయువారెవరు?

కావున వాంగ్మూలమిచ్చునపుడు బంధుత్వము, తూకము, సంవత్సరము, ఇచ్చిన రీతి తెలుపు మాటలను సాక్షి పలికినట్లే తెలుగులో వ్రాసి, ప్రక్కన అర్థము వ్రాయుమని కోరవలెను. చదివి వినిపించనిదే సంతకము చేయరాదు. తప్పు కనబడినచో జాగు చేయక లిఖితపూర్వకముగా తెలుపవలెను. ఒప్పుకోలు ముఖ్యమైన సాక్ష్యమే గాని తిరుగులేనిది కాదనియు, అది పొరపాటని చూపు హక్కు చెప్పినవానికి కలదనియు పుల్లంగోడు రబ్బరు కంపెనీ వ్యాజ్యమున తీర్పు వచ్చినది. సోదాలో ప్రమాణపూర్వకముగా తీసికొన్న వాంగ్మూలమునకు గల బలము, వ్యాపారస్థలమున సర్వేలో తీసికొన్న మాటకు లేదని మద్రాసు హైకోర్టు 2007లో చెప్పగా, సుప్రీము కోర్టు 2012లో దానిని నిలిపినది.

మాటకు తోడగు కాగితములు

నడిమి తరగతి సాక్షికి తోడు కావలెనని పైన చెప్పబడినది. ఆ తోడు పన్ను తలంపు లేని కాలమున, వేరొక అవసరమునకై పుట్టిన కాగితమైనచో మిక్కిలి విలువగలది. పెండ్లిలో చదివింపులు వ్రాసిన పుస్తకము అట్టిది. ఎవరెంత చదివించిరో మరల వారింటి శుభకార్యమునకు తిరిగి చదివించుటకై వ్రాసికొన్నదే గాని అధికారికి చూపుటకు వ్రాసినది కాదు. తమిళనాట మొయ్ పుస్తకములును ఇట్టివే. పారీఖత్తులు, వీలునామాలు, చిట్టా ఆవర్జాలు, కంసాలి వ్రాసియిచ్చిన చీటీలు, బ్యాంకిలో నగలు కుదువపెట్టిన రసీదులు, నగలు ధరించిన పెండ్లి ఛాయాచిత్రములు, 1957 నుండి 2016 వరకు అమలులోనున్న సంపద పన్ను క్రింద దాఖలైన లెక్కలు, ఇవియన్నియు సాక్షి మాటకు ఊతకర్రలు.

వీనిని వెదకు చోటును తెలిసియుండవలెను. గంజాము ప్రాంతము 1936 వరకు మద్రాసు రాజధానిలోనిది. బళ్లారి 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనిది. నాందేడు, రాయచూరులు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనివి. అచ్చటి పాత కాగితములు ఉర్దూలో నుండును. యానాములో 1954 వరకు ఫ్రెంచి పాలన. నోటరీ పత్రములును, జనన వివాహముల రిజిస్టర్లును ఫ్రెంచిలో నుండును. తల్లిదండ్రుల పేర్లతో కూడిన ఆ రిజిస్టర్లు బంధుత్వ నిరూపణకు గట్టి ఆధారములు.

కల్ల సాక్ష్యపు గుర్తులు

ఆచారమను పేరు అబద్ధమునకు ముసుగుగా వాడుకొనువారును లేకపోలేదు. పెట్టుపోతలు మా సంప్రదాయమని చెప్పి లెక్కలేని సొమ్మునంతయు అత్తవారి ఖాతాలో వేయువారివలన నిజము చెప్పు సాక్షికే ముప్పు. అట్టి సాక్ష్యమునకు కొన్ని గుర్తులు కలవు. నోటీసు వచ్చిన తరువాత పుట్టిన దానపత్రము మొదటిది. నలుగురు సాక్షులును ఒకే వాక్యమును అక్షరము తప్పక చెప్పుట రెండవది. అరువదియేండ్లనాటి తూకమును గ్రాములలో దశాంశముతోసహా జ్ఞాపకముంచుకొనుట మూడవది. ఇచ్చినట్లు చెప్పబడినవానికి ఇచ్చు శక్తి లేకుండుట నాలుగవది.

అయిదవది నగయే చెప్పు సాక్ష్యము. బంగారు నగలకు హాల్‌మార్కు ముద్ర 2000లో మొదలైనది. ఆరు అక్షరాంకముల ప్రత్యేక సంఖ్య 2021లో వచ్చినది. 1960లో పెట్టినదని చెప్పిన గొలుసుపై ఆ ముద్రయున్నచో ఆ మాట యథాతథముగా నిజము కాజాలదు. పాత కాసులపేరును చెరిపించి క్రొత్త గొలుసు చేయించుకొనుట మన యిండ్లలో సామాన్యమే. అట్లయినచో ఆ సంగతి మొదటనే చెప్పి, కంసాలి లేక అంగడివాడు తరుగు, మజూరీలతో ఇచ్చిన చీటీని చూపవలెను. ముద్రను చూపి ప్రశ్నించిన తరువాత చెప్పిన నిజమును నమ్ముట కష్టము. చిన్న చిన్న విషయములలో సాక్షుల నడుమ కొంత భేదముండుట నిజమునకు విరోధము కాదు; మనుష్యుల జ్ఞాపకము అట్లే యుండును. ఒక మాట తప్పైన మాత్రమున సాక్ష్యమంతయు తప్పనుట మన దేశపు న్యాయస్థానములు అంగీకరింపని సూత్రము.

ముగింపు

పై విచారమువలన తేలిన సంగతులు ఇవి. సాక్షి మాటకు మొదటి పరీక్ష ఇచ్చినవాని స్తోమత. రెండవది చెప్పువానికి ఆ విషయము తెలియుటకు గల అవకాశము. మూడవది ఆ కుటుంబపు ఆచారము. నాలుగవది ఆనాటి కాగితము. అయిదవది వస్తువు రూపము, ముద్ర, తూకము. ఈ అయిదింటికిని సరిపడిన మాటను బంధువు చెప్పెననియు, తడబడుచు చెప్పెననియు త్రోసివేయుట న్యాయము కాదు. వీనిలో వేనికిని సరిపడని మాటను ఎందరు ప్రమాణము చేసి చెప్పినను నిలుపుట సాధ్యము కాదు.

తెలుగు సంఘములు ఈ విషయమున చేయదగిన పని కొంత కలదు. తమ ప్రాంతపు తెలుగులోని బంధువాచకములను, తూకములను, పెట్టుపోతల పదములను అర్థములతో కూర్చి చిన్న పట్టికగా అచ్చువేయవచ్చును. ఊరూర ఆచారములను పెద్దలనుండి విని, తేదీతో వ్రాసి భద్రపరుపవచ్చును. ప్రతి కుటుంబమును తన నగల పట్టికను, అవి యెవరివలన వచ్చినవో తెలుపు వివరమును, పెద్దలు జీవించియుండగనే వారిచేత చెప్పించి, తెలుగులో వ్రాయించి, సంతకముతో ఉంచుకొనవలయును. వివాదము పుట్టకముందు వ్రాసిన ఒక పుటకు గల బలము, పుట్టిన తరువాత వ్రాసిన నూరు పుటలకు ఉండదు. ఇప్పటికే పెట్టెల అడుగున చెదలు పట్టుచున్న చదివింపుల పుస్తకములను బయటికి తీయుట ఈ పనికి మొదటి మెట్టు.